వేడి మీద బిగించిన బ్రేకు

మూడేళ్ళ పాటు నా ఉద్యోగం కూర్చోవడం. అరకులో ఒక రిసార్టు ముందుగదిలో, గాజు బల్ల వెనక, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకి నవ్వుతూ నమస్కారం పెట్టడం, తాళంచెవి ఇవ్వడం, వెళ్ళేటప్పుడు మళ్ళీ నవ్వడం. సాయంత్రం ఆరింటికి చీర మార్చుకుని, మంట చుట్టూ థింసా ఆడేవాళ్ళతో నేనూ కలవాలి. మా ఊళ్ళో థింసా ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ మాత్రం సరిగ్గా నలభై నిమిషాలు. గడియారం చూసుకుంటూ ఆడే ఆటంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పగలంతా బల్ల కింద నా కాళ్ళు ఊగుతూనే ఉండేవి. బల్ల కదులుతోందని మేనేజరు రెండుసార్లు చెప్పాడు. నేను సరేనన్నాను, కాళ్ళు వినలేదు.

అమ్మకి మాత్రం ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఫ్యాను కింద పని, మట్టి అంటని పని. సంతరోజున మా పిన్నుల్నీ అత్తల్నీ వెంటబెట్టుకొచ్చి గేటు బయట నిలబెట్టేది. "అదుగో, ఆ అద్దం ఎనకాల కూకుంది మా గుంటే" అని వేలు పెట్టి చూపించేది. నేను లోపల్నుంచి చెయ్యి ఊపేదాన్ని. వాళ్ళు వెళ్ళిపోయాక ఎందుకో కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

ఒక చలికాలం రిసార్టు జనరేటరు వారంలో మూడుసార్లు ఆగిపోయింది. బాగుచెయ్యడానికి ఒక మేస్త్రి వచ్చాడు. సాలూరు మనిషి, అరవై దాటాయి. లారీల ఊళ్ళో పుట్టి, లారీల కిందే పెరిగి, ఎప్పుడో ఈ లోయకి వచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆయనకి టార్చి పట్టుకోమని నన్ను పంపారు. ఆయన ఒక్కో భాగం విప్పి గోనెసంచి మీద వరసగా పెడుతూ, ఇది దీన్ని తిప్పుతుంది, అది దానికి నూనె పంపుతుంది అని తనలో తాను చెప్పుకుంటున్నాడు. రెండు గంటలు పట్టింది. ఇంజను అందుకున్నాక చూసుకుంటే, ఆ రెండు గంటలూ నా కాళ్ళు కదలనే లేదు.

వారం తిరక్కుండా షెడ్డుకి వెళ్ళి పని నేర్పమని అడిగాను.

"ఏటీ, నువ్వా? రిసార్టులో కూకునే గుంటవి కదా. అక్కడ నీకేటి లోటొచ్చింది?"

"కూర్చోవడమే లోటండి."

ఆయన నవ్వలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని నన్ను పైనుంచి కిందకి చూశాడు. "మూడు నెలలు సూత్తాను. పనికొత్తావనుకుంటే అప్రెంటిసు కాయితం మీద సంతకం పెడతాను. నీ సేతి మీద ఒక్క బండి సెడిపోయినా ఆ రోజే ఇంటికి."

"మగవాళ్ళకీ ఇదే రూలా?"

"ఇద్దర్ని పంపేసాను," అన్నాడు.

రిసార్టు మానేశానని చెబితే అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడింది కానీ, ఊళ్ళో మాత్రం నేను బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని చెప్పుకుంది. ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది. ఇంటికి వెళ్ళే ముందు కిరసనాయిలు, సబ్బుపొడి కలిపి గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా తోముకునేదాన్ని. తోముకుంటూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

పని మాత్రం నచ్చింది. మొదటి నెలంతా డీజిల్లో సామాన్లు కడగడమే. నడుం పడిపోయేది, రాత్రి పడుకుంటే ఒళ్ళు తెలిసేది కాదు. రెండో నెలకి ఏ బోల్టుకి ఏ స్పానరో చూడకుండా చెయ్యి పెట్టి తీసేదాన్ని. పని చేతికి వచ్చింది. ఓపిక రాలేదు. బోల్టు తుప్పు పట్టి రాకపోతే నూనె వేసి ఆగాలి. నాకు ఆగడం చేతకాదు, సుత్తి తీసేదాన్ని. మేస్త్రిగారు సుత్తి దాచేసేవారు.

మా షెడ్డులో ముఖ్యమైన పని బ్రేకులు. ఒడిశా వైపు నుంచి వచ్చే లారీలు ఒక కొండ దిగి మా లోయలో పడతాయి. ఇక్కణ్ణుంచి మళ్ళీ ఎక్కి, మా ఊరు దాటి, శృంగవరపుకోట వైపు పెద్ద ఘాట్ దిగాలి. అందుకని రెండు కొండల మధ్యన మా దగ్గర ఆగి బ్రేకులు చూపించుకుంటారు. చక్రం లోపల ఇనప డ్రమ్ము ఉంటుంది. బ్రేకు నొక్కితే లైనర్లు దాన్ని లోపల్నుంచి ఒత్తి పట్టుకుంటాయి. కొండ దిగి వచ్చిన డ్రమ్ము కాగిన పెనంలా ఉంటుంది. వేడికి సాగుతుంది కాబట్టి బ్రేకు వదులైనట్టు అనిపిస్తుంది. అప్పుడు బిగించామా, చల్లారాక డ్రమ్ము ముడుచుకుని లైనర్లని పట్టేస్తుంది. బండి బ్రేకు వేసుకునే కొండ ఎక్కుతుంది. ఎక్కేసరికే బ్రేకులు కాలిపోయి ఉంటాయి. అవతల ఘాట్‌లో దిగేటప్పుడు కాలు కింద ఏమీ మిగలదు.

అందుకే మేస్త్రిగారు ఏ లారీ వచ్చినా ముందు నీళ్ళడబ్బాలో వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు డ్రమ్ము మీద చిలకరించేవారు. చుయ్యిమందంటే కూర్చోవాల్సిందే. డ్రైవర్లు హారన్లు కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు. ఆయన చుట్ట వెలిగించుకుని బెంచీ మీద కూర్చునేవారు. నేను షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతుంటే, "సల్లారడం కూడా పనేనే గుంటా. అదీ మనమే సెయ్యాల" అనేవారు. బండి చల్లారడానికి మనం చేసేదేముంది అని లోపల్లోపల విసుక్కునేదాన్ని.

మూడు నెలలు నిండడానికి తొమ్మిది రోజులున్నాయనగా మా ఇటుకల పండగ వచ్చింది. చైత్రమాసంలో వస్తుంది. మగవాళ్ళు వేటకి అడవిలోకి వెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని, పాటలు పాడుతూ వచ్చే పోయే బండ్లని ఆపి పండక్కి ఏదో ఒకటి ఇమ్మంటారు. ఏమీ తేకుండా ఉత్త చేతుల్తో వచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు కొడతారు. నేను ఇంటికి వెళ్ళలేదు. తొమ్మిది రోజులూ షెడ్డు వదలకూడదని మొండిపట్టు పట్టాను. ఆ పొద్దున్నే హుకుంపేటలో ఒక జీపు ఆగిపోయిందని కబురొస్తే మేస్త్రిగారు బయల్దేరారు. "నేనొచ్చేదాకా బ్రేకుల జోలికి పోకు," అని చెప్పి మరీ వెళ్ళారు.

పన్నెండు దాటాక చింతపండు లోడుతో ఒక లారీ వచ్చి ఆగింది. బస్తాల పుల్లటి వాసన, చక్రాల దగ్గర కాలిన వాసన కలిసిపోయి వస్తున్నాయి. డ్రైవరు యాభై ఏళ్ళ మనిషి, దిగుతూనే తొందరపెట్టాడు.

"బ్రేకు అడుక్కి పోతంది. బేగి సూడమ్మా."

"మేస్త్రిగారు లేరు. చల్లారాలి కూడాను. గంట పడుతుంది."

"గంటా? ఎలుగుండగా కోట దిగాల నేను. నీకు రాకపోతే రాదని సెప్పు, పోతాను."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. నాకు రాదా? నీళ్ళడబ్బా నా కాలి పక్కనే ఉంది. చూశాను. చూసి కూడా ముట్టుకోలేదు. స్పానరు తీసుకుని లారీ కిందకి దూరాను. వెనక చక్రాలు రెండూ బిగించాను, ఇరవై నిమిషాల్లో. డ్రైవరు ఎక్కి నొక్కి చూసి, "బెమ్మాండం" అన్నాడు. లారీ కదిలి వెళ్ళిపోతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూశాను. అంత గర్వం నాకు రిసార్టులో మూడేళ్ళలో ఒక్క రోజూ లేదు.

చేతులు కడుక్కుంటుంటే కుడి మణికట్టు భగ్గుమంది. చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బ. డ్రమ్ముకి తగిలినట్టుంది, పని హడావిడిలో తెలియనేలేదు. ముందు సబ్బునురగ ఊదుకుంటూ నిలబడ్డాను. తరవాత ఊదడం ఆపేశాను. చర్మం బొబ్బలెక్కేంత వేడి మీద బిగించాను.

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు ముందు ఆ డ్రైవరు గుర్తు రాలేదు. నా తొమ్మిది రోజులు గుర్తొచ్చాయి. ఎవరూ చూడలేదు. బ్రేకులు పోవడానికి వంద కారణాలుంటాయి. మేస్త్రిగారు వచ్చి అడిగితే లారీలేవీ రాలేదంటే సరిపోతుంది. షెడ్డులో ఆ మూలకి వెళ్ళాను, ఈ మూలకి వచ్చాను. బెంచీ మీద కూర్చున్నాను, లేచాను. ఘాట్‌లో ఒక్కో మలుపూ కళ్ళ ముందుకొచ్చింది. చిన్నప్పుడు ఆ మలుపుల్లో బస్సు దిగుతుంటే అమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకునేది, కిందకి చూడకుండా. అంతే, ఫోను తీశాను.

డ్రైవరు నంబరు నా దగ్గర లేదు. లారీ మా ఊరు చేరడానికి ఇంకో అరగంట పడుతుంది. ఆ రోజు మా ఊరి రోడ్డు మీద వెదురుబొంగు పట్టుకుని ఎవరుంటారో నాకు బాగా తెలుసు.

"అమ్మా, చింతపండు లారీ ఒకటొస్తుంది. ఎర్ర మూతి, అద్దానికి నిమ్మకాయల దండ. దాన్ని ఆపండి. నేనొచ్చేదాకా వదలకండి."

డప్పుల మోతలో అమ్మకి సగమే వినబడింది. మళ్ళీ చెప్పాను.

"లారీతో నీకేటి పనే?" అంది.

"దాని బ్రేకులు నేను బిగించానమ్మా. తప్పుగా బిగించాను. ఘాట్ దిగితే ఆ మనిషి బతకడు."

వెనక పాట వినబడుతోంది. అమ్మ గొంతు తగ్గించి, "ఈళ్ళందరికీ ఏటని సెప్పాలే?" అంది.

"ఉన్నదే చెప్పు."

"సరే," అని పెట్టేసింది.

షెడ్డు తలుపు లాగి, పక్క టీకొట్టువాళ్ళ స్కూటీ అడిగి తీసుకుని, స్పానర్ల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరాను. ఎక్కేటప్పుడు ఆ స్కూటీ ఎంత రేసిచ్చినా ముప్ఫై దాటదు. దాన్ని తిట్టాను, డ్రైవర్ని తిట్టాను, ఎక్కువగా నన్నే తిట్టుకున్నాను. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఎర్ర లారీ కనబడుతుందేమోనని చూశాను.

ఊరు చేరేసరికి రోడ్డు మీద తీర్థంలా ఉంది. నాలుగు లారీలు, రెండు జీపులు, ఒక కారు వరసగా నిలబడి ఉన్నాయి. కారులో టూరిస్టులు వీడియో తీసుకుంటున్నారు. బొంగుకి ఆ చివర మా పెద్దత్త, ఈ చివర అమ్మ. అమ్మ పండక్కి కట్టుకున్న కొత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సైనికుడిలా నిలబడింది.

"డప్పుల మోతలో గురుతులు సరిగ్గా ఇనబళ్ళేదు, అన్నీ ఆపేసాం," అంది.

ఎర్ర మూతి లారీ ముందే ఉంది. డ్రైవరు నన్ను చూసి మండిపడ్డాడు. "పండగని పది రూపాయలిత్తానన్నా ఒగ్గటం నేదు ఈ ఆడోళ్ళు! నువ్వేనా ఆపించింది? ఎందుకు?"

ఊరంతా వింటోంది. "తప్పు చేశాను బాబాయ్. వేడి మీద బిగించాను. ఈపాటికి చక్రాలు పట్టేస్తుంటాయి. ఇలాగే ఘాట్ దిగితే బ్రేకులుండవు."

ఆయన నోట్లో ఉన్న తిట్టు నోట్లోనే ఆగింది. వెనక చక్రం దగ్గరికి వెళ్ళి ముఖం దగ్గరగా పెట్టాడు. ఆ వేడి ఆయనకి తగిలింది. చదునైన రోడ్డు మీదా, ఎక్కుడులోనూ వచ్చిన బండికి అంత వేడి ఉండకూడదు. తిరిగొచ్చి రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. అమ్మ మిగతా బండ్లకి బొంగు ఎత్తింది.

తరవాత మేస్త్రిగారికి ఫోను చేశాను. అంతా చెప్పాను, ఏదీ దాచలేదు.

"సల్లారిందా?"

"ఇంకా లేదండి."

"అయితే కూకో," అని పెట్టేశారు.

కూర్చున్నాను. ఆ గంటంపావంత పొడుగు సమయం నా జీవితంలో ఇంకోటి లేదు. లేవబోయిన ప్రతిసారీ డ్రైవరు నా వైపు చూసేవాడు, నేను మళ్ళీ కూర్చునేదాన్ని. అమ్మ రాగులతో కాచిన చోడి అంబలి తెచ్చి నాకూ ఆయనకీ ఇచ్చింది. మా పెద్దత్త చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ వచ్చి నా నల్లటి చేతుల్ని తిప్పి తిప్పి చూసింది. "బేంకు పరీచ్చలు ఇలాగుంటాయేటే?" అని అందరికీ వినబడేలా అడిగింది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఈలోగా వేటకెళ్ళిన మగవాళ్ళు ఒక్క కుందేలు కూడా లేకుండా దిగొచ్చారు. "మొగోళ్ళు ఉత్తినే వచ్చారు, నీ కూతురు లారీని కొట్టుకొచ్చింది!" అని అత్త అమ్మని వీపు మీద చరిచింది. అమ్మ నవ్వలేదు. నా మణికట్టు మీది బొబ్బనే చూస్తోంది.

నీటిచుక్క డ్రమ్ము మీద చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాక లారీ కిందకి దూరాను. ఈసారి తొందరపడలేదు. బిగించి, వదులు చేసి, మళ్ళీ చూసి, రెండో వైపుకి వెళ్ళాను. ఇటు పక్క పిల్లలూ అటు పక్క ఆడవాళ్ళూ వంగి చూస్తున్నారు. బయటికి వచ్చేసరికి మేస్త్రిగారు నిలబడి ఉన్నారు, తను బాగుచేసిన జీపులోనే దిగినట్టున్నారు. నన్ను పక్కకి జరిపి తను కిందకి వెళ్ళారు. నాలుగు చక్రాలూ ఒక్కొక్కటే చూసి, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ లేచారు.

"మాటంటే మాటేనండి," అన్నాను. "వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను."

"నువ్వు ఈ బండిలో ఎక్కి ఘాట్ దిగు," అన్నారు. "బండి సరిగ్గా దిగితే రేపు షెడ్డుకి రా. దిగకపోతే నేను సెప్పక్కర్నేదు."

డ్రైవరు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. క్యాబిన్‌లోకి ఎక్కాను. తలుపు వేసుకోబోతుంటే అమ్మ బొంగు అత్త చేతికిచ్చి వచ్చేసింది.

"జరుగు," అంది.

"నువ్వెందుకమ్మా? పండగ కదా."

"జరగవే."

అమ్మ ఎప్పుడూ లారీ ఎక్కలేదు. రెండు చేతులూ పట్టి లాగితే గానీ ఎక్కలేకపోయింది. కిటికీ ఊచ పట్టుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఘాట్‌లో మొదటి మలుపు దగ్గర కళ్ళు మూసుకుంది. డ్రైవరు బ్రేకు నొక్కాడు. లారీ తగ్గింది. రెండో మలుపు, మూడో మలుపు. నేను రోడ్డు చూడటం లేదు, ఆయన కాలే చూస్తున్నాను. నొక్కిన ప్రతిసారీ లారీ మాట విన్నట్టు తగ్గుతోంది. సగం ఘాట్ దిగాక అమ్మ కళ్ళు తెరిచి, లోయ వైపు ఒకసారి చూసి, మళ్ళీ మూసుకోలేదు. కింద చెక్‌పోస్టు దగ్గర డ్రైవరు మమ్మల్ని దించి, "సల్లగా ఉండమ్మా" అని వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. పొద్దు వాలుతోంది. బస్సు మొదటి మలుపు ఎక్కి, ఎదురుగా ఇంకో బస్సు వస్తే ఒక్కసారిగా ఆగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, ఈ బస్సుకి బ్రేకులెవులు సూసారో తెలుసా?"

"నాకేం తెలుసమ్మా. ఎవరో ఒకరు చూసుంటారు."

అమ్మ కాసేపు కిటికీ బయటికి చూసింది.

"నువ్వు సూసుంటే బాగున్ను," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఘాట్ పైకి చేరేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు, నేనూ కదల్లేదు.